‘వద్దు’ బటన్

మా అత్తయ్య ఆస్పత్రి నుంచి మా ఇంటికి రావాలా, వృద్ధులుండే రెస్ట్ హోమ్‌కి వెళ్ళాలా అన్న సంగతి ఒక్క బటన్ నొక్కడంతో తేలిపోయింది. ఆ బటన్ గీసింది నేను. అది నొక్కితే పలికే గొంతూ నాదే. ఇన్నేళ్ళూ ఈ సంగతి మా ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వాళ్ళందరికీ తెలుసు కాబట్టి, అడగకపోవడమే మంచిదని అనుకుని ఉంటారు.

రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్ళయి ఉంటుంది. మేము హామిల్టన్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం ఆక్లండ్‌లో. సోమవారం పొద్దున్నే కారేసుకుని వెళ్ళి, వారమంతా అక్కడే మౌంట్ రాస్కిల్‌లో ఇద్దరు స్నేహితులతో ఫ్లాట్‌లో ఉండి, శుక్రవారం సాయంత్రం వచ్చేవారు. నా ఉద్యోగం ఊళ్ళోనే, ఆవుల ఫారాలకు పరికరాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో. పాలు పితికే షెడ్డుల్లో గోడకు బిగించే తెరలు ఉంటాయి. ఏ ఆవు ఎన్ని లీటర్లిచ్చింది, దేనికి మందు వేయాలి, దేన్ని పక్కకు తీయాలి అన్నది ఆ తెర మీద నొక్కుతారు. ఆ తెర మీద ఏ బటన్ గడి ఎక్కడుండాలో, ఎంత ఉండాలో, ఏ రంగులో ఉండాలో గీయడం నా పని. నొక్కేవాడు సగం నిద్రలో ఉంటాడు, చేతికి తడి రబ్బరు గ్లవ్ ఉంటుంది, దానికి పేడ ఉంటుంది, కాబట్టి గడులు పన్నెండుకి మించకూడదు అని మా బాస్ నియమం. బాస్ కూడా ఫారంలో పుట్టి పెరిగిన మనిషే.

అత్తయ్యకు నా ఉద్యోగం అంటే మహా సరదా. తెనాలిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, “మా అమ్మాయి ఇక్కడ ఆవులకి కంప్యూటర్ నేర్పుతోందే” అని నాకు వినపడేలా చెప్పేది. గరాజ్ తలుపు సగం పైకెత్తి, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గోంగూర ఆకు దూస్తూ రోడ్డు చూసేది. పక్కింటి పెద్దాయన, ఈ దేశంలోనే పుట్టిన కివీ, కంచె దగ్గరికొచ్చి ఇంగ్లీషులో వాతావరణం గురించి చెబితే, ఆవిడ తెలుగులో తన మోకాళ్ళ గురించి చెప్పేది. ఇద్దరూ పది నిమిషాలు హాయిగా మాట్లాడుకునేవాళ్ళు.

ఆవిడకున్న మొహమాటం గురించి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తరవాతిదేదీ అర్థం కాదు. అన్నం వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి “వద్దమ్మాయ్” అనేది. రెండోసారి అడిగితే “అబ్బే, వద్దులే” అనేది. మూడోసారి అడిగితే “సరే, కొంచెం వెయ్యి” అని చెయ్యి తీసేది. మొదటి వద్దు మర్యాదకు, రెండోది మాట నిలబెట్టుకోవడానికి, అసలు జవాబు మూడోది. తిండికే కాదు, అన్నిటికీ అంతే. చలికి స్వెటర్ కొంటానన్నా, గుడికి తీసుకెళ్తానన్నా మూడుసార్లు అడగాల్సిందే. మామయ్యగారు పోయాక మా దగ్గరికొచ్చి ఉండమని మా ఆయన మూడు ఆదివారాలు వరసగా ఫోన్‌లో అడిగారు. మూడో ఆదివారం “సరే నాన్నా, నీ ఇష్టం” అంది. మా పుట్టింట్లోనూ ఇదే తంతు కాబట్టి నాకు వింతేమీ కాదు. విసుగు మాత్రం వచ్చేది. “మొదటిసారే చెబితే సొమ్మేం పోతుంది అత్తయ్యా” అనేదాన్ని. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

ఒక మంగళవారం పొద్దున వంటింట్లో స్టవ్ పక్కన కింద కూర్చుని కనిపించింది. స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేది మాత్రం అంతా అర్థమయ్యేది. నోరు తెరిస్తే ఒకే ఒక శబ్దం వచ్చేది, అదీ ఆవిడకు నచ్చలేదు. రెండు రోజులయ్యాక ఇక నోరు తెరవడమే మానేసింది.

ఆ ఆస్పత్రిలో స్పీచ్ థెరపిస్టు ఒక చిన్న వయసు కివీ అమ్మాయి. ఇంగ్లీషు మాట్లాడే మిషన్ ఒకటి తెచ్చింది. బొమ్మ నొక్కితే ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో “నాకు దాహంగా ఉంది” అంటుంది. అత్తయ్య ఒకసారి నొక్కి, ఆ గొంతు విని, చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది. థెరపిస్టు నన్ను బయటికి పిలిచి, “మీ పని తెరలు గీయడమే అన్నారు కదా, మీ భాషలో ఒకటి చేయగలరా?” అని అడిగింది.

మా బాస్‌ని అడిగాను. ఆయన స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి, ఏదో ఫారంలో పరీక్షకు పెట్టి వెనక్కొచ్చిన టాబ్లెట్ కంప్యూటర్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అప్పటి టాబ్లెట్లు ఇప్పటిలా పల్చగా ఉండేవి కావు. ఇటుకంత బరువు, చుట్టూ నల్ల రబ్బరు తొడుగు. తుడిచినా పాల వాసన, ఫినాయిల్ వాసన పోలేదు. “ఆవులకు పనికొచ్చింది, అమ్మకు పనికిరాదా, చూడు” అన్నాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. మా ఇంట్లో దాన్ని పలక అనేవాళ్ళం.

పని కష్టమేమీ కాలేదు. షెడ్డు తెరనే తీసుకుని ఆవుల నంబర్లు పీకేసి మాటలు పెట్టాను. పన్నెండు గడులు: సరే, వద్దు, కొంచెం, నీళ్ళు, టీ, ఆకలి, నొప్పి, బాత్రూమ్, చలి, నిద్ర. పదకొండోది “ఎప్పుడొస్తావు నాన్నా”, మా ఆయన కోసం. పన్నెండోది “అమ్మాయ్”, నన్ను పిలవడానికి. నొక్కగానే తెలుగులో మాట పలుకుతుంది, నర్సుల కోసం తెర పైభాగంలో దాని అర్థం ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. షెడ్డు ప్రోగ్రాములో ప్రతి నొక్కుడూ టైముతో సహా ఒక జాబితాలో పడేది. అది తీసేయడానికి బద్ధకించి అలాగే ఉంచేశాను.

గొంతు దగ్గరే చిక్కొచ్చింది. అప్పట్లో తెలుగు చదివి పలికే మిషన్లు మాకేవీ దొరకలేదు, ఎవరో ఒకరు చెప్పి రికార్డు చేయాలి. వీలైతే అదే వయసావిడ గొంతు వెతకమని థెరపిస్టు చెప్పింది. గుడి దగ్గర పరిచయమైన ఆంటీ ఒకావిడ ఉంది, అడిగితే సంతోషంగా చేసేది. మళ్ళీ ఆవిడకు ఫోన్ చేయాలి, టైము కుదరాలి, టీ ఇవ్వాలి, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాలి. నా వల్ల కాదనుకుని నేనే చెప్పేశాను. మధ్యాహ్నం లంచ్ టైములో, ఆఫీసు కార్ పార్క్‌లో, కారు అద్దాలు బిగించుకుని. వాన పడుతోంది. “నీళ్ళు” వెనకాల ట్రక్కు వెనక్కి వస్తున్న చప్పుడుంది. ఆ వారం మా ఆయన రాలేనని అప్పుడే ఫోన్ చేశారు, దాంతో “వద్దు” కాస్త కరుగ్గా వచ్చింది. మళ్ళీ చెబుదామనుకుని, లంచ్ టైము అయిపోయిందని వదిలేశాను.

మర్నాడు ఎడమ చేత్తో మొదటిసారి ఒక గడి నొక్కింది అత్తయ్య. “అమ్మాయ్” అంది మిషన్, నా గొంతుతో. ఆవిడ పలక వంక చూసి, నా వంక చూసి, పనిచేస్తున్న సగం మూతితో నవ్వింది. శుక్రవారం మా ఆయన ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టాను. ఆవిడ నొక్కింది. “ఎప్పుడొస్తావు నాన్నా.” ఆయన, “నువ్వు నన్ను నాన్నా అంటుంటే ఎలాగో ఉందే” అన్నారు. నేను కాదు, మీ అమ్మ అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆ నెలల్లో మేము ముగ్గురం కలిసి నవ్వింది అదొక్కసారే అని గుర్తు.

రెండు వారాలయ్యాక డాక్టరు నన్ను పిలిచి బరువు తగ్గిపోతోందని చెప్పాడు. తిండి సరిగా తీసుకోవడం లేదు, ఇలాగే ఉంటే పొట్టలోకి గొట్టం వేయాల్సి వస్తుందన్నాడు. నర్సులనడిగితే అందరూ ఒకటే మాట: “మేము అడుగుతున్నాం. ఆవిడ వద్దంటోంది. ఆవిడ ఇష్టాన్ని మేము గౌరవించాలి కదా.” నిజమే. స్పూను నోటి దగ్గరికి తెచ్చి, ఇంకొంచెం కావాలా అని అడిగేవాళ్ళు. నా గొంతు వద్దు అనేది. ట్రే తీసుకెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రోజు పలక ఇంటికి తెచ్చి జాబితా తెరిచాను. పొద్దున ఏడున్నరకు వద్దు. పన్నెండుకు వద్దు. సాయంత్రం అయిదుకు వద్దు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ప్రతి భోజనానికీ ఒకే ఒక్క వద్దు. ఆకలి అన్న గడి మొదటి రోజు నుంచీ ఒక్కసారి కూడా నొక్కలేదు. అది చూశాక కూడా నాకు వెలగలేదు. మర్నాడు పెసరపప్పు, అన్నం మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, నర్సుకు చూపించి గిన్నెతో ఎదురుగా కూర్చున్నాను. “పెట్టనా అత్తయ్యా?” అన్నాను. వద్దు అంది. “రెండు ముద్దలు.” వద్దు అంది. ఇంటి అలవాటు కొద్దీ, నోరు దానంతటదే తిరిగి, “కాస్త తినండి, మీ కోసమే చేశాను” అన్నాను. వేలు పక్క గడికి జరిగింది. “కొంచెం.” గిన్నె మొత్తం తింది. నేను ఆవిడ మూతి తుడుస్తూ ఉంటే నర్సు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

“అయితే ఎన్నిసార్లు అడగాలి?” అంది నర్సు. మూడుసార్లు అన్నాను. నా మొహం మాడిపోయి ఉంటుంది. తెలుగువాళ్ళ కోసం పలక చేస్తూ, తెలుగువాళ్ళు వద్దు ఎలా అంటారో మర్చిపోయినదాన్ని నేను. నర్సు పెద్ద కాగితం మీద మార్కర్‌తో రాసి మంచం తల వైపు గోడకు అంటించింది. వద్దంటే ఇంకో రెండుసార్లు అడగండి అని. పది రోజుల్లో బరువు పెరిగింది. గొట్టం మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు.

నేను అక్కడితో ఆగలేదు. పని తెలిసినదాన్ని కదా. ఒక్కసారి కూడా నొక్కని ఆకలి గడి తీసేసి, ఆ చోట కొత్త గడి పెట్టాను: “నిజంగా వద్దు.” వార్డులోనే, మంచం పక్కన కూర్చుని రికార్డు చేశాను. ఇలాంటి గడి పెడుతున్నానని నర్సుకు చెబితే ఆవిడకు నవ్వాగలేదు, ఆవిణ్ణి చూసి నాకూ ఆగలేదు. “నిజంగా వద్దు” నవ్వుతూనే వచ్చింది, వెనకాల నర్సు నవ్వుతో సహా. బాగుందని అలాగే ఉంచాను. అత్తయ్య మాత్రం ఆ గడి చూసి మొహం తిప్పుకుంది. మర్యాద తెలిసినవాళ్ళు అలా అంటారా అన్నట్టు చూసింది. దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. వద్దు, వద్దు, కొంచెం. జాబితా నిండా ఇవే.

ఏడో వారం గడిచేసరికి నాలో ఏదో మొద్దుబారిపోయింది. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం ఆస్పత్రి, మళ్ళీ ఆఫీసు, సాయంత్రం ఆస్పత్రి. ఇంటికొచ్చి కారులోంచి దిగడానికి పది నిమిషాలు పట్టేది. సీటు బెల్టు తీసుకోకుండా అలా కూర్చునేదాన్ని. ఏడుపు రాదు, ఆకలి రాదు. ఫోన్ మోగితే మోగనిచ్చేదాన్ని. ఎవరైనా ఎలా ఉన్నావంటే బాగున్నానని చెప్పేదాన్ని, ఆ మాట చెబుతున్నది నా నోరే కానీ నేను కాదు అనిపించేది.

అప్పుడు మీటింగ్ పెట్టారు. ఇక ఆస్పత్రిలో ఉంచడానికి లేదు. ఇంటికి తీసుకెళ్తే రోజుకు రెండుసార్లు ఎవరో వచ్చి స్నానం, బట్టలు చూస్తారు. మిగతా ఇరవై పైచిలుకు గంటలు మాదే. మంచం మీంచి కుర్చీలోకి ఎత్తడానికి మిషన్ ఇస్తారు, అది వాడడం నేర్పుతారు. లేదంటే నది అవతల ఒక రెస్ట్ హోమ్‌లో గది ఖాళీగా ఉంది. “మీరేమనుకుంటున్నారన్నది కాదు ముఖ్యం, ఆవిడ గొంతు వినాలి” అని సోషల్ వర్కర్ రెండుసార్లు చెప్పింది. మంచి మనిషి. ఇంట్లో ఎత్తడం, దించడం ఎవరు చేస్తారని మాత్రం అడగలేదు.

నాకు ఆవిడ ఇంటికి రాకూడదని ఉంది. ఇదిగో, రాసేశాను. ఆవిడంటే ప్రేమ లేక కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇంట్లో నేనొక్కదాన్నే, నా వల్ల కాదు. కాదని నోరు తెరిచి చెప్పే ధైర్యం మా ఆయన దగ్గర లేదు, ఆవిడ దగ్గర అసలే లేదు. మా ఆయన మీటింగ్‌కి వస్తానని పొద్దున్నే బయల్దేరారు. దారిలో బాంబే హిల్స్ అనే కొండల దగ్గర మోటర్‌వే మీద ఏదో యాక్సిడెంట్, కార్లు కదలడం లేదని మెసేజ్ పెట్టారు. ఇంకో అరగంట ఆగుదామా అని సోషల్ వర్కర్ అడిగింది. అక్కర్లేదు, నేనున్నాను కదా అన్నాను.

అత్తయ్య చక్రాల కుర్చీలో ఉంది. ఒళ్ళో పలక. నలుగురం చుట్టూ కూర్చున్నాం: సోషల్ వర్కర్, థెరపిస్టు, నర్సు, నేను. సోషల్ వర్కర్ ఇంగ్లీషులో అడుగుతుంది, నేను తెలుగులో చెప్పాలి. మీరు మీ అబ్బాయి ఇంటికి వెళ్ళాలనుకుంటున్నారా అని అడిగింది. నేను అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ నా మొహం చూసింది. కళ్ళ కింద నల్లగా ఉన్నదీ, నాలుగు రోజుల నుంచీ అదే చొక్కా వేసుకున్నదీ చూసింది.

“ఇంటికొస్తారా అత్తయ్యా?” అన్నాను.

ఆవిడ నొక్కింది. “వద్దు” అంది నా గొంతు, వాన పడుతున్న ఆ కార్ పార్క్‌లోంచి, అంతే కరుగ్గా.

థెరపిస్టు తలెత్తింది. ఆ కాగితం ఆ అమ్మాయికి కంఠతా వచ్చు. “మూడుసార్లు అడగాలి కదా?” అంది.

“అది తిండికి మాత్రమే” అన్నాను.

అంతే. సోషల్ వర్కర్ రాసుకుంది. అత్తయ్య నా వైపే చూస్తోంది. వేలు ఇంకా పలక మీదే ఉంది, పైకెత్తి, దేన్నీ ముట్టుకోకుండా. నా తరవాతి మాట కోసం అలా ఉంచిందని నాకు తెలుసు. ఆవిడతో అయిదేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నాను, తెలియకుండా ఎలా ఉంటుంది. నేను వంగి, చలేస్తోందేమో అన్నట్టు ఆవిడ శాలువా సర్దాను. అలా సర్దుతూ పలక ఆవిడ ఒళ్ళోంచి తీసి నా సంచిలో పెట్టుకున్నాను. నాకేమీ అనిపించలేదు. తరవాత ఏం సంతకాలు పెట్టాలో అడిగాను.

మా ఆయన అరగంటకు వచ్చారు. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి.

“ఏమంది?” అన్నారు.

“వద్దంది.”

“అమ్మే అందా?”

“అమ్మే నొక్కింది.”

ఆయన కారిడార్‌లో కుర్చీలో కూర్చుని చేతుల్లో మొహం పెట్టుకున్నారు. తరవాత లేచి, “సరే, అమ్మ ఇష్టం” అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఊరుకున్నందుకు నాకు మండింది. ఇంకోసారి అడుగుదాం పద అని అంటారని చూశాను. అనలేదు. ఆయనకూ భయమే అనుకుంటాను.

రెస్ట్ హోమ్ శుభ్రంగా ఉండేది. కిటికీలోంచి పచ్చిక, దాని అవతల నది కనిపించేవి. పడమటి ఎండ గదిలోకి వచ్చేది. గోడ మీద పాత కాగితమే తెచ్చి అంటించారు. మంగళ, గురువారాలు ఆఫీసవగానే గిన్నెతో వెళ్ళేదాన్ని. పెట్టనా అంటే వద్దు, వద్దు, కొంచెం. తినిపించి, మూతి తుడిచి, గిన్నె కడిగి, కారెక్కేదాన్ని. శనాదివారాలు మా ఆయన వెళ్ళేవారు. ఇంట్లో ఆవిడ గది తలుపు వేసే ఉంచేవాళ్ళం. గరాజ్ తలుపు దించే ఉండేది. పక్కింటి పెద్దాయన ఒకసారి కంచె దగ్గర ఆపి, మీ అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. మోకాళ్ళ గురించి ఆయనకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ చలికాలం పోయాక పలక మొరాయించడం మొదలుపెట్టింది. బాస్ ఇంకోటి ఇచ్చాడు. పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కిస్తానని మా ఆయన ఒక శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. ఆయనదీ సాఫ్ట్‌వేర్ పనే. నేను దోసెలు వేస్తున్నాను. తిరిగి చూస్తే జాబితా తెరిచి ఉంది.

“మీటింగప్పుడు ఒకటే వద్దు ఉందేంటి?” అన్నారు.

నేను దోసె తిరగేశాను.

“ఆ కాగితం అంటించాక అన్ని రోజులూ రెండేసి ఉన్నాయి. తరవాత కొంచెం ఉంది. ఆ రోజు పదకొండుకు ఒకే ఒక వద్దు. తరవాత సాయంత్రం దాకా ఏమీ లేదు.” తెర మీద వేలు జరిపి, “నిజంగా వద్దు గడి కూడా పక్కనే ఉందిగా. అదీ నొక్కలేదు” అన్నారు.

“మీరు టైముకి వచ్చుంటే మీరే అడిగేవారు” అన్నాను.

ఆయన తల ఊపారు. కొత్త పలకలోకి అన్నీ ఎక్కించి, ఒక్కో గడీ నొక్కి సరిగ్గా పలుకుతోందో లేదో చూశారు. నా గొంతు పన్నెండు మాటలూ పలికింది. ఆయన దోసె తినలేదు. నేనూ రెండోసారి అడగలేదు.

మంగళవారం ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఎదుటి గదిలోని కివీ పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుని, ఊలు ఉండ చుట్టుకుంటూ, వాన గురించి ఏదో చెబుతోంది. ఊలు కొస అత్తయ్య ఎడమ చేతిలో ఉంది, పట్టుకుని వదులుతోంది. నన్ను చూసి ఆ పెద్దావిడ లేచి వెళ్ళిపోయింది. కొత్త పలక ఒళ్ళో పెట్టాను. నేల మీద, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

“ఆ రోజు ఒక్కసారే అడిగాను అత్తయ్యా” అన్నాను. “తెలిసే ఒక్కసారి అడిగాను. మీరు ఇంటికి రాకూడదనే మళ్ళీ అడగలేదు.”

ఆవిడ నా వంక చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం అసలే లేదు. నాకు ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు.

“ఇంటికి వెళ్దాం రండి” అన్నాను.

వద్దు అంది.

“నేను ఉద్యోగం సగం రోజుకి మార్చుకుంటాను. బాస్‌ని అడిగాను, ఒప్పుకున్నాడు. గరాజ్‌లోనే కుర్చీ వేస్తాను. వెళ్దాం.”

వద్దు అంది. ఆ కరుకు గొంతు వింటుంటే చెవులు మూసుకోవాలనిపించింది. అయినా కదలకుండా కూర్చున్నాను. ఇంకొక్కటే మిగిలింది. ఆవిడ వేలు పైకెత్తి ఉంది, ఆ రోజులాగే. ఈసారి పలక లాక్కునేవాళ్ళెవరూ లేరు.

“మూడోసారి అడుగుతున్నాను అత్తయ్యా. వస్తారా?”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. తలుపు అవతల ఊలుతో నిలబడ్డ పెద్దావిణ్ణి చూసింది. తరవాత ఎడమ చెయ్యి పలక మీంచి తీసి, నా తల మీద పెట్టి, జుట్టు వెనక్కి దువ్వింది. మళ్ళీ పలక మీదికి తీసుకెళ్ళి, ఎన్నడూ ముట్టుకోని ఆ గడి మీద వేలు పెట్టి, గట్టిగా నొక్కింది.

“నిజంగా వద్దు” అంది నా గొంతు, నవ్వుతూ. దాని వెనకే ఆ నర్సు నవ్వూ వినిపించింది.

నేను లేచాను. గిన్నె మూత తీసి, “రెండు ముద్దలు పెట్టనా?” అని అడిగాను.